సగంలో ఆగిన భాగహారం

ఈ రోజు మా ఇబ్రహీంపట్నం బడికి మళ్లీ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు సేవా కార్యక్రమమని బ్యానర్ పట్టుకుని వచ్చారు. అక్కడ మధ్యాహ్న భోజనం వండేది నేనే. ఈ ఏడు ఇది నాలుగో జట్టు. శనివారం ఉపవాసం, పైగా వాళ్లందరికీ టీ పెట్టేసరికి నా కాళ్లు లాగేశాయి.

వాళ్లలో ఒకమ్మాయి, అంతకుముందు వచ్చినవాళ్లలాగే, "పెద్దయ్యాక ఏమవుతారు?" అని అడిగింది. ఐదో తరగతి శిరీష లేచి నిలబడింది.

"పోయినసారి డాక్టర్ అని చెప్పిన, ఆ అక్క మల్ల రాలే. అంతకుముందు టీచర్ అని చెప్పిన, గా అక్క గూడ రాలే. ఏం చెప్తె మల్ల వస్తరక్కా?"

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "మమ్మల్ని ఒక్కరోజుకే పంపిన్రు రా."

"గట్లనా? అయితే జల్ది భాగహారం చెప్పు. నాకు అస్సలు వస్తలేదు. జూన్‌ల పెద్ద బడికి పోవాలె."

ఆ అమ్మాయి చేతిలోని బ్యానర్ పక్కన పెట్టి, శిరీష పక్కన నేల మీదే కూర్చుంది. బయట వాళ్ల కాలేజీ బస్సు రెండుసార్లు హారన్ కొట్టినా లేవలేదు. చివరికి వాళ్ల సార్ వచ్చి లేపాడు. లెక్క సగంలోనే ఉండిపోయింది.

వాళ్ల మీద నాకు కోపం లేదు. సాయంత్రం దీపం పెట్టి, వచ్చినవాళ్లనే ఇంకోసారి పంపమని వేంకటేశ్వరస్వామిని అడిగాను. మీ ఊరి బడికి అలా రెండోసారి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే రాయండి, సోమవారం శిరీషకు చెబుతాను.