ఖైదీకి క్యాబ్

ఆ రోజుల్లో మాదాపూర్‌లో ఉద్యోగమంటే జీతమెంత అని కాదు, క్యాబ్ వస్తుందా అని అడిగేవారు. నాకు వచ్చేది. లింగంపల్లి హాస్టల్ గేటు ముందు హారన్ మోగితే, తోటి అమ్మాయిల మధ్యలోంచి కాస్త నెమ్మదిగా నడిచి వెళ్లేదాన్ని (వాళ్లు చూడాలి కదా). ఆఫీసులో ఆ క్యాబులు చూసే విభాగాన్ని ట్రాన్స్‌పోర్ట్ అనేవాళ్లం. నా పని, ఇంగ్లండు పిల్లల కోసం విక్టోరియా రాణి కాలపు నవలలకు నోట్సు రాయడం. ఎమ్మే ఇంగ్లీషు చదివానన్న ధీమా తప్ప ఆ కాలం గురించి నాకేమీ తెలియదు. ఉద్యోగం పర్మినెంటు కాకపోతే ఖమ్మం వచ్చెయ్యమని నాన్న ముందే చెప్పారు. అక్కడ పెళ్లిచూపులు సిద్ధంగా ఉన్నాయి.

చివరి పరీక్షగా ఒక నవలలోని ఖైదీ పాత్ర ఇచ్చారు. అతని కాలి సంకెల దేనికి ప్రతీక, చరిత్ర నేపథ్యమేమిటి, రాయాలి. ఇనుము ఊడినా దాని మచ్చను లోకం చెరగనివ్వదని సంకెల గురించి బాగానే రాశాను. చిక్కంతా శిక్ష దగ్గర వచ్చింది. ‘ట్రాన్స్‌పోర్టేషన్ ఫర్ లైఫ్’ అని ఉంది. ఇదెంత పని అనుకుని, ఆనాటి ప్రభుత్వం ఖైదీలకు సైతం జీవితాంతం రవాణా సౌకర్యం కల్పించిందనీ, ఇది ఆ యుగపు దయాగుణానికి ప్రతీక అనీ రాసి పంపేశాను.

మా టీమ్ లీడ్ భీమవరం ఆవిడ. నన్ను పిలిచి, కంప్యూటర్‌లో నా నోట్సు చూపించి, “ఏమ్మా, ఖైదీకి క్యాబ్ పెట్టించావా?” అన్నారు. నాకు అర్థం కాలేదు. “అంటే ద్వీపాంతరం పంపెయ్యడమమ్మా. మనవాళ్లని అండమాన్ పంపలేదూ, అలాగ. వీళ్లని ఆస్ట్రేలియా తోలేసేవారు, చిన్న దొంగతనానికి కూడానూ. యావజ్జీవం పడ్డవాడు సొంతూరు చూద్దామని తిరిగొస్తే ఉరే. సాయంత్రంలోగా మార్చి ఇవ్వు. నీ కన్ఫర్మేషన్ దీని మీదే ఉంది.”

అతనికి తిరిగొస్తే ఉరి, నాకు తిరిగెళ్తే పెళ్లిచూపులు. ఆ భయంలోనే కాబోలు, ఉరి ఉందని తెలిసీ నవలలో ఓడెక్కి తిరిగొచ్చిన ఆ ఖైదీ మీద మొదటిసారి జాలి కలిగింది. ఆ జాలంతా రాశాను. “ఇప్పుడు మనిషి కనబడ్డాడమ్మా,” అని ఆవిడ నా ఉద్యోగం ఖాయం చేశారు.

తిరుగు దారిలో డ్రైవరన్నకు సంగతంతా చెబితే నవ్వాడు. “ఇగ ఫికర్ చెయ్యకు మేడం. నీకు గూడ యావజ్జీవమే. రోజు నేనే తోల్కపోత.”

అతని మాట నిజం కాలేదు. ఇప్పుడు కొత్తగూడలో ఉంటున్నాను, ఇంట్లోంచే పని, ఏ క్యాబూ రాదు. అయినా పొద్దున కింద హారన్ మోగితే చెయ్యి సంచీ వైపు వెళుతుంది. ఖైదీకి జీవితాంతం క్యాబ్ మంజూరు చేసిన ఆ పిల్ల, తనకూ ఒకటి రాసుకుని ఉండాల్సింది.