పసుపు పెట్టిన బిళ్ళలు

నేను ఆత్మకూరులో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. నా చెల్లెలు తిరుపతిలో కెమిస్ట్రీ చేస్తుంది. చెప్పడానికీ చెయ్యడానికీ ఎంత దూరమో నాకు బాగా తెలుసు కాబట్టే ఆమె మాట వచ్చినప్పుడల్లా నా గొంతు కొంచెం లేస్తుంది. మళ్ళీ మొదలుపెట్టాడని స్టాఫ్‌రూంలో నవ్వుకుంటారు. నవ్వుకోనీ. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టిన పిల్ల కణం లోపల లెక్కలేనన్ని ప్రోటీన్ల మధ్య తనకు కావలసిన ఒక్కదాన్ని పట్టుకుని దానికి గుర్తు తగిలిస్తుంటే చెప్పుకోకుండా ఎట్లా ఉంటాను?

మొదట్లో నాకూ నమ్మకం కలగలేదు. ఒకసారి ఫోనులో వాదనకే దిగాను. కణం లోపల ఉన్నవన్నీ దేనికో ఒకదానికి అంటుకోవడానికి సిద్ధంగా ఉంటాయి కదా, నువ్వు గుర్తుగా వదిలే రంగు దారిలోనే అన్నిటికీ పూసుకుపోదా అని అడిగాను. "అదే కదన్నా అసలు చిక్కు" అని నవ్వి, ఓపికగా చెప్పింది. ముందు తనకు కావలసిన ప్రోటీనులో అజైడ్ అనే చిన్న కొక్కెం అమరుస్తుంది. ఒంట్లో మరెక్కడా సహజంగా ఉండని కొక్కెం అది. తరువాత ఆ కొక్కేన్ని మాత్రమే పట్టుకునే రెండో ముక్కను, గుర్తుతో సహా, కణంలోకి వదులుతుంది. ఆ ముక్క నీళ్ళనూ కొవ్వులనూ మిగతా ప్రోటీన్లనూ పలకరించకుండా పోయి, తన కొక్కెం దొరికాకే ఆగుతుంది. సాయంత్రం పూట ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు దగ్గర జరిగే తొక్కిసలాటలో, ఎవరికీ తగలకుండా ఒక మనిషి నడిచివచ్చి నా ఒక్కడి భుజం మీదే చెయ్యి వేసినట్టన్నమాట. ఇది మా సిలబస్‌లో లేదు. అయినా ఏటా క్లాసులో చెబుతాను.

ఆమె ఒక గుర్తుతో ఊరుకోలేదు. రంగుతో పాటు లోహాన్ని కూడా కట్టింది. రీనియం అనే లోహం, దాన్ని అంటిపెట్టుకుని మూడు కార్బన్ మోనాక్సైడ్‌లు. రంగు నీలి వెలుతురు పడితే పచ్చగా మెరుస్తుంది. లోహపు గుర్తు కంటికి కనిపించదు, ఇన్‌ఫ్రారెడ్ యంత్రంలో పెడితే రెండు గీతలుగా బయటపడుతుంది. రంగు ఒక్కటే చాలు కదమ్మా, రెండోది అనవసరపు బరువు అని ఆమె గైడు చాలాసార్లు చెప్పాడట. మెరిసేవి లోకంలో చాలా ఉంటాయి సార్, మెరుపును ఒక్కదాన్నే నమ్మలేను అని ఈమె వినలేదు. మొండితనం మా ఇంట్లో అందరికీ ఉంది. పనికొచ్చే మొండితనం మాత్రం ఆమెకే వచ్చింది.

మొన్న వేసవి మొదట్లో ఆమె ఒక చిన్న డబ్బాతో ఆత్మకూరు డిపోలో దిగింది. డబ్బాలో రూపాయి బిళ్ళలంత పారదర్శకమైన బిళ్ళలు. మామూలు గాజు కాదు, ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా అడ్డుకోకుండా వదిలే రకం. వాటి మీద గుర్తు తగిలించిన కణాలను ఆరబెట్టి ఉంచింది. ఉదయగిరిలో మా ఇంట్లో ఒక పూట ఉండి, అక్కడి నుంచి హైదరాబాదు బస్సెక్కి, ఆ యంత్రం ఉన్న చోటికి పోవాలి. థీసిస్ ఇవ్వడానికి ఆఖరి గడువు ముంచుకొచ్చింది.

"ఇవి చెడితే మళ్ళీ కణాలు పెంచి చేసే టైం లేదన్నా. ఇన్నేళ్ళ పని దీంట్లోనే ఉండాది. గుంతల్లో దూకించబాక" అని నా బండి ఎక్కింది. ఉదయగిరి దాకా ప్రతి గతుక్కీ నన్ను తిడుతూనే ఉంది. రోడ్డు వేసినవాణ్ణి తిట్టమని నేనూ అరుస్తూనే నడిపాను.

ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. అమ్మా నాయనా మందను మేపుకు అనంతసాగరం పక్కకు తోలుకుపోయి ఉన్నారు. డబ్బాను గూట్లో పెడుతుంటే ఏంది తల్లీ అది అని అవ్వ అడిగింది.

"కొత్త బిళ్ళలవ్వా. ఇవి బాగా పలికితే నాకు డాక్టరు పట్టా వచ్చినట్టే" అంది చెల్లెలు.

ఆ మాట చెప్పి, సీటు రిజర్వు చేసుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని బస్టాండుకు బయలుదేరింది. మా ఇళ్ళల్లో కొత్త చీరైనా చొక్కా అయినా, మూలకు పసుపు పెట్టకుండా ఒంటిమీద వేసుకోరు. అది మా ఇద్దరికీ తెలుసు. బిళ్ళలకు కూడా మూలలు దొరుకుతాయని మాత్రం మాకు తోచలేదు.

తిరిగి వచ్చేసరికి అవ్వ వసారాలో చాప మీద కూర్చుని ఉంది. డబ్బా తెరిచి ఉంది. గిన్నెలో తడి పసుపు, పక్కన ఉదయగిరి కొయ్య గరిటె. బిళ్ళలన్నిటినీ తెల్లగుడ్డ మీద వరసగా పేర్చి, ప్రతిదానికీ అంచున నాలుగు పక్కలా బొట్లు పెట్టేసింది. నునుపైన బిళ్ళ కదా, తడి పసుపు నిలవలేదు. జారి నడిమికి పాకింది.

"ఏం చేసినావవ్వా! దాని బతుకంతా దాంట్లో ఉండాదే! ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?" నా నోటికి అదుపు లేదు, ఆ రోజు అసలే లేదు.

"పెద్ద పనికి పోతా ఉండాది కదరా, మంచిదని పెట్టినాను" అంది అవ్వ. ఆమె వేలు ఇంకా పసుపుగానే ఉంది. నా ముఖమూ చెల్లెలి ముఖమూ మార్చి మార్చి చూసింది.

"అరవబాకన్నా" అంది చెల్లెలు. అంతే. బిళ్ళలను లోపలికి తీసుకుపోయి, తలుపులు మూసి, బ్యాగులోంచి నీలి టార్చీ, నారింజ రంగు కళ్ళద్దాలూ తీసింది. వెలుతురు పడగానే బిళ్ళలన్నీ అంచు నుంచి నడిమి దాకా ఒకే తీరుగా వెలిగాయి. పసుపు కూడా నీలి వెలుతురులో పచ్చగా మెరుస్తుంది. ఆమె రంగు ఏదో, అవ్వ పసుపు ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

"కడుగుదామా?" అన్నాను.

"కడిగితే పసుపుతో పాటు కణాలూ లేచిపోతాయి." టార్చీ ఆర్పి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. తరువాత, "రంగు పోతే పోయినాది. లోహం ఉండాది కదన్నా" అంది.

ఆ చీకటి గదిలో నాకు ఒక్కడికే పాఠం చెప్పినట్టు చెప్పింది. ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక చోటు ఉంది. అక్కడ ప్రోటీన్లు పలకవు, కొవ్వులు పలకవు, పసుపు కూడా పలకకూడదు. లోహాన్ని పట్టుకున్న కార్బన్ మోనాక్సైడ్ మాత్రమే అక్కడ గీత గీస్తుంది. కానీ పలకకూడదు అని పుస్తకాన్ని నమ్మి ఊరుకుంటే పరీక్షకులు ఒప్పుకోరు. అక్కడ కనిపించినవి పసుపు గీతలు కావని చూపించాలి.

ఆమె బ్యాగులో మరో చిన్న డబ్బా ఉంది. అందులో గుర్తు తగిలించని కణాలున్న బిళ్ళ ఒకటి, పోల్చి చూసుకోవడానికి తెచ్చుకున్నది. దాన్ని పట్టుకుని వసారాలోకి వచ్చి అవ్వ ముందు కూర్చుంది.

"అవ్వా, దీనికి కూడా అట్టనే పసుపు పెట్టు."

"నేను ముట్టుకోను తల్లీ. నీ పనులు నాకేం తెలుసు" అని అవ్వ చేతులు కొంగులో దాచుకుంది.

"నువ్వే పెట్టాలవ్వా. అదే గిన్నె, అదే వేలు. వేరే వాళ్ళు పెడితే పనికిరాదు." నా వైపు తిరిగి మెల్లగా, "దీంట్లో కూడా గీతలు వస్తే అవి పసుపువి, నా పని అయిపోయినట్టే. దీంట్లో రాకుండా వాటిల్లో వస్తే నావి" అంది.

చెల్లెలు అవ్వ చెయ్యిని కొంగులోంచి బయటికి తీసి, తన చేత్తో పట్టుకుని నాలుగు బొట్లూ పెట్టించింది. ఆ పసుపు కూడా జారి నడిమికి పాకేదాకా చూసి, ఆరబెట్టి, విడిగా పొట్లం కట్టింది. నేను అక్కడే నిలబడి చూశాను. నేనైతే ఆ గిన్నెను వీధిలోకి విసిరికొట్టి ఉండేవాణ్ణి. ఆమె మాత్రం చేతిలో ఉన్నదంతా పోయేట్టున్న గంటలో, కొత్త ప్రయోగం ఒకటి ఆలోచించి, దాంట్లోకి అవ్వను కూడా కలుపుకుంది. ఆమె తెలివికి ముందు నుంచే గర్వపడేవాణ్ణి. ఆ రోజు ఆమె అంటే గౌరవం పుట్టింది. చెల్లెలి మీద అన్నకు అలాంటిది కలుగుతుందని నాకు అంతకుముందు తెలియదు.

ఆమె బస్సెక్కింది. నేను కాలేజీకి సెలవు పెట్టి అవ్వ దగ్గరే ఉండిపోయాను. అవ్వ ఇంట్లో ఏ వస్తువునూ తాకడం మానేసింది. మంచినీళ్ళ చెంబు కూడా నన్నే అందివ్వమంది. కంచం పెడితే ఆకలిగా లేదు అబ్బయ్యా అని పక్కకు నెట్టింది. నేను అరిచిన అరుపులు అలాంటివి. బతిమాలినా లాభం లేకపోయింది.

మరుసటి రోజు మధ్యాహ్నం అవ్వ మళ్ళీ కంచాన్ని పక్కకు నెట్టి లేస్తుండగా ఫోను మోగింది. అవ్వకు వినిపించాలని స్పీకరు పెట్టి గూట్లో ఉంచాను.

"అన్నా, గుర్తు లేని బిళ్ళ మీద ఆ చోట ఏమీ లేదు. చదునుగా ఉండాది. మిగతా అన్నిట్లో రెండు గీతలూ వచ్చినాయి. ఎక్కడ రావాల్నో అక్కడే వచ్చినాయి. రంగు ఒక్కటే పెట్టుంటే ఈరోజు నేను..." అంటూనే ఏడ్చేసింది. ఇంట్లో కన్నీటి చుక్క రానివ్వని పిల్ల, యంత్రం పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

అవ్వకు ఆ ఏడుపు ఒక్కటే అర్థమైంది. "అయ్యో, పాడు చేసినాను రా, నా చేతులారా పాడు చేసినాను" అని నుదురు కొట్టుకోబోయింది. నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను.

"పాడు కాలేదవ్వా. గెలిచినాది."

"మరి ఎందుకు ఏడస్తా ఉండాది?"

నా కళ్ళూ తడిసే ఉన్నాయి. అవ్వ చేతులు విడిపించుకుని, గూట్లోంచి ఫోను అందుకుని, "ఏడవబాక తల్లీ, ఏడవబాక" అంది. అవతల కాసేపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తరువాత చెల్లెలి గొంతు.

"నువ్వు అన్నం తిన్నావా అవ్వా?"

అవ్వ నా వైపు చూసింది, చెప్పొద్దన్నట్టు.

"ఇప్పుడు తింటా" అంది. ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండానే కింద కూర్చుని, కంచం తనే ముందుకు లాక్కుంది.