చివరి ఫారం

మా బైండింగు బాబాయి ముప్పై ఏళ్లలో ఒక్క కాగితం కూడా పోగొట్టలేదు. ఆ మాట ఆయన అనడు, లైబ్రేరియన్ అంటాడు. చిరిగిన పుస్తకాన్ని ఫారాలుగా, అంటే పదహారేసి పేజీల మడతలుగా విడదీసి, అతుకులు వేసి, మళ్లీ కుట్టడం బాబాయి పని. అతుకు ఆరేలోగా ఆ ఫారం చదివేస్తాడు. ఆయన చదువంతా అలా అబ్బిందే.

ఆ వారం ఒక సస్పెన్స్ నవల వచ్చింది. అందులో భార్య రోజుకో వస్తువు జానెడు పక్కకు జరుపుతుంది. మొగుడు తనకే మతి పోతోందనుకుంటాడు. బాబాయి చదివి పెట్టిన ఫారాన్ని పిన్ని కూర తరుగుతూ అందుకునేది. మూడో ఫారానికి బాబాయి జిగురు గిన్నె మీద మూత మరిచాడు. ఐదో ఫారానికి పిన్ని వంక అదోలా చూడసాగాడు.

శుక్రవారం పొద్దున, కుట్టిన పుస్తకాలను పలకల మధ్య బిగించడానికి నేను చేసిచ్చిన చెక్క ప్రెస్సు మరకు నూనె పెడదామని వెళ్లేసరికి, బాబాయి బల్ల కింద దూరి ఉన్నాడు.

"చివరి ఫారం కనబడట్లేదురా. ఇంకా చదవను కూడా లేదు. ఐదింటికి పుస్తకం ఇచ్చెయ్యాలి."

"మీరే ఎక్కడో పెట్టుంటారు," అంది పిన్ని గుమ్మంలోంచి. "నిన్న కళ్లజోడు చక్కెర డబ్బా మీద దొరకలా?"

"అది నేనక్కడ పెట్టలేదే."

"నవల్లో ఆయనా అదే అన్నాడు," అని పిన్ని లోపలికి వెళ్లిపోయింది.

బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఊతకోసం ప్రెస్సు పిడి పట్టుకున్నాడు. పట్టుకుని ఆగాడు.

"నేను మూడు చుట్లు బిగిస్తాను. ఇది రెండున్నరే," అన్నాడు మెల్లగా.

మర వదులు చేస్తే పలకల మధ్య ఫారం ఉంది.

"నోరు మెదిపావో, నీ ప్రెస్సు నీకే," అన్నాడు. అక్కడే కూర్చుని పదహారు పేజీలూ చదివి, కుట్టి, అట్ట వేసి, పుస్తకాన్ని అటక మీద ఇటుక కింద పెట్టాడు. మళ్లీ బల్ల కింద దూరి గట్టిగా నిట్టూర్చాడు.

మధ్యాహ్నానికి పిన్ని మనసు కరిగింది. "ప్రెస్సులో చూశారా?"

"చూశా. లేదు."

ఆమె నమ్మక తానే పలకలు విప్పింది. రెండుసార్లు దులిపింది. తర్వాత డబ్బాలన్నీ వెతికింది, పరుపు ఎత్తి చూసింది. నాలుగున్నరకు బాబాయి పొద్దుటి మొహం ఆమెకు వచ్చింది.

"ఏవండీ, దాచింది నేనే. వంటయ్యాక మీకంటే ముందే చదివి ఇచ్చేద్దామనుకున్నా. ఎక్కడ దాచానో ఇప్పుడు..."

బాబాయి ఇటుక తీసి పుస్తకం చేతిలో పెట్టాడు. పిన్ని ఆయన్ని తిట్టడానికి కూడా ఆగలేదు, చివరి పేజీలు తెరిచి కూర్చుంది. వచ్చిన లైబ్రేరియన్ అరగంట వాకిట్లో ఎదురుచూశాడు.

పుస్తకం ఇచ్చేస్తూ ఆమె అంది: "ఫారం సంగతి సరే. కళ్లజోడు మాత్రం నేను ముట్టలేదు."

మర్నాటి నుంచి బాబాయి కళ్లజోడు మెడలో వేలాడుతోంది, బైండింగు దారంతో, మూడు ముళ్లు వేసి.