పొద పక్కన పెంకులు

సింగపూర్‌లో మా ఆంగ్ మో కియో ఫ్లాట్ల కింద పొదలో ఒక అడవి కోడి గుడ్ల మీద కూర్చోవడం చూసినప్పటి నుంచీ, రోజూ పొద్దున్న దీపం పెట్టాక క్యాలెండరులో ఒక గీత గీస్తున్నాను. ఇరవై ఒక్క రోజులకు పిల్లలవుతాయి కదా. ఇవాళ్టికి పద్దెనిమిది గీతలే. ఊరికే చూసొద్దామని వెళ్తే పెంకులు మాత్రం ఉన్నాయి. తల్లీ లేదు, పిల్లలూ లేవు.

పైకొచ్చి మా అమ్మాయితో చెప్పాను.

"నువ్వు చూసిన డే నుంచి కౌంట్ చేస్తే ఎలా మమ్మీ? అది అంతకుముందే కూర్చుంది లా!" అని ఇక్కడివాళ్ల యాసలో అంటూ నవ్వింది.

"నిజమే తల్లీ" అన్నాను.

మా అమ్మ ఎండలు ముదరకముందే కోడిని పొదగేసి, ఆ రోజే గుడ్ల మీద బొగ్గుతో గుర్తు పెట్టేది. ఇరవయ్యో రోజున ఒక గుడ్డు తీసి నా చెవికి ఆనించేది. లోపల పిల్ల ముక్కుతో పొడుస్తున్న చప్పుడు వినిపించేది. అమ్మ పోయి పదకొండేళ్లయింది. ఆ పొద పక్కన నిలబడి మళ్లీ ఆ చప్పుడు వినాలని ఆశపడ్డాను.

సాయంత్రం కిందికి వెళ్లి, ఎవరూ చూడకుండా ఒక పెంకు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. నవ్వకండి. మీలో ఎవరైనా ఆ చప్పుడు విని ఉంటే, ఎలా ఉంటుందో కాస్త రాయండి. నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు.