ఒక్క మునగచెట్టు

మగ్గాల సందులో అంగన్‌వాడీ టీచర్ అనసూర్య కుదురుగా కూర్చోవడం ఎవరూ చూడలేదు. ఏ ఇంటికెళ్లినా ముందు వంటింట్లో గిన్నె మూత తీస్తుంది. నీళ్లచారు కనిపిస్తే కొంగు కొస మెలిపెడుతుంది. చేతిలో ఉన్న కాస్త డబ్బుతోనే పిల్లలకు ఏం పెట్టాలో ఆరేళ్లుగా చెబుతోంది. ఎవరూ వినరని ఆమె బాధ. పోయిన వారం మాత్రం విసుగొచ్చి గొంతు పెంచింది: "మునగాకు పప్పుల ఎయ్యుండ్రి. పైస ఖర్చు లేదు, మస్తు బలం." ఈసారి విన్నారు. నాలుగు రోజులకల్లా, సందు మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క మునగచెట్టు, నేతపని చేసే పండరి గోడ పక్కది, ఆకన్నది లేకుండా మోడై నిలబడింది. ఆమె దాని కింద అటూ ఇటూ తిరుగుతుంటే పండరి మగ్గం మీంచి లేవకుండానే కిటికీలోంచి అన్నాడు: "నాకు కోపమేం లేదు టీచరమ్మా. నువ్వు మంచిగనే చెప్పినవ్. అరవై ఇండ్లోళ్లు విన్నరు, చెట్టేమో ఒక్కటే."

మర్నాడు ఆమె వచ్చేసరికే తల్లులంతా అంగన్‌వాడీ కేంద్రంలో కూర్చుని ఉన్నారు. "ఇయ్యాల ఏం పెట్టుమంటవ్ టీచర్?" అని ఫర్హానా అడిగింది. అనసూర్య ఆకుకూరలు, కూరగాయల బొమ్మల అట్టలు ఒక్కొక్కటే తిప్పుతూ పోయింది. ఈసారి అందరూ సంచులు తెచ్చుకున్నారు.