సోమవారం వెలిగే లైటు

మా ఆయన కారు నడపడం నేర్పే మాస్టారు. బడి మొత్తానికి ఉన్నది ఒక్క కారు, దాని వయసు పంతొమ్మిదేళ్లు. పది రోజుల్లో దానికి తనిఖీ. ఇంజిన్ లైటు వెలుగుతూ కనిపిస్తే కారును పక్కన పెట్టేస్తారు, కారు లేకపోతే బడి మూసుకోవడమే. ఆ పాడు లైటేమో నెలన్నరగా మా ప్రాణాలు తోడేస్తోంది. మెకానిక్ అమ్మాయి మూడుసార్లు సరిచేసి ఆర్పింది. మూడుసార్లూ నాలుగు రోజులు బుద్ధిగా ఉండి, సోమవారం పొద్దున్నే మళ్లీ వెలిగింది.

"కారుతో ఏమేం చేస్తున్నారో ఒక వారం రాసుకురండి మాస్టారూ" అంది ఆ అమ్మాయి.

"నడుపుతున్నానమ్మా, ఇంకేం చేస్తాను?" అన్నారాయన, అలిగిన కొత్త అల్లుడిలా మొహం పెట్టి.

ఆయన రాస్తే ఆయన తప్పు ఒక్కటీ ఉండదని ముప్ఫయ్యేళ్ల కాపురంలో నాకు తెలియనిదా? కాగితం నేనే లాక్కున్నాను. ఎవరెక్కారు, ఎంత దూరం వెళ్లారు, పెట్రోలు ఎక్కడ పోయించారు, అన్నీ రాశాను. ఆదివారం కింద ఇలా రాశాను: "పొద్దున బానెట్ ఎత్తి ఇంజిన్‌కు పైపుతో తలస్నానం. గంటన్నర. ఇంట్లో ఒక్కనాడూ గిన్నె కడిగిన పాపాన పోలేదు." చివరి మాట మెకానిక్‌కు అక్కర్లేదు గానీ, నా చెయ్యి ఆగితేగా!

సోమవారం లైటు వెలగనే వెలిగింది. కాగితం చదివి ఆ అమ్మాయి పడీ పడీ నవ్వింది. తర్వాత ఇంజిన్ మీది రబ్బరు తొడుగు ఒకటి ఊడదీసి చూపించింది. అది పగిలి ఉంది. దాని కింద ప్లగ్గు గుంటలో నీళ్లు.

"ప్లగ్గు తడిస్తే ఇంజిన్ తడబడుతుంది, లైటు వెలుగుతుంది. తొడుగులు మార్చేస్తాను. కారుకు రోగమేం లేదు మాస్టారూ, మీ ముద్దే ఎక్కువైంది."

ఆయన ఆ పగిలిన తొడుగును చేతిలోకి తీసుకున్నారు. "కొత్తవాళ్లకు సోమవారం బానెట్ ఎత్తి చూపించడమే కదమ్మా మొదటి పాఠం" అన్నారు మెల్లగా. "పాత డొక్కు అని ఎవరూ అనకూడదని..."

నా మనసు చివుక్కుమంది. ఆ గిన్నెల మాట రాయకుండా ఉండాల్సింది.

ఇంట్లో కూర్చోలేక తనిఖీకి నేనూ వెళ్లాను. అధికారి తాళం తిప్పాడు. లైటు వెలిగింది! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"తాళం తిప్పగానే ఒక్క క్షణం వెలగాలే పిచ్చిదానా, లేకపోతే బల్బు పోయినట్టు" అంటూ ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పాఠం చెప్పినట్టే చెప్పారు గానీ, పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇంజిన్ అందుకుంది. లైటు ఆరింది. మళ్లీ వెలగలేదు. అధికారి కాగితం మీద ముద్ర గుద్దాడు. హమ్మయ్య! గేటు దాటాక ఆయన కళ్లు తుడుచుకున్నారు, నేను చూడనట్టే కారు కిటికీ వైపు తిరిగాను.

ఆదివారం లేచేసరికి పెరట్లో నీళ్ల చప్పుడు. "మళ్లీనా!" అంటూ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. కారు బానెట్ దించి ఉంది, దాని మీద పొడిగుడ్డ మడిచి పెట్టి ఉంది. ఆయన పంపు కింద కూర్చుని గిన్నెలు తోముతున్నారు.

"వీటిలోకి నీళ్లు దిగినా ఫరవాలేదు కదా?" అన్నారు తలెత్తకుండా.