గ్లవ్ లోపలి మంట

చెంచురామయ్య వినుకొండ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు. బేస్‌బాల్ ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఫోన్‌లో వీడియోలు ఆపి ఆపి చూసి, ఇంటి వెనక గోడకు బంతి కొట్టి నేర్చుకున్నాడు. అందుకే చెప్పేది తక్కువ, చేయించేది ఎక్కువ. పిల్లల్ని ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబెడతాడు. విసిరే ముందు ఎడమ భుజం అవతలి మనిషి వైపు తిరగాలి, అడుగు అటే పడాలి, చూపు ఎదుటివాళ్ళ మీదే ఉండాలి. పట్టేటప్పుడు గ్లవ్ ఛాతీ ముందు తెరిచి ఉండాలి. క్రికెట్ అలవాటుతో ఎవరైనా దోసిలి పడితే, "ప్రసాదం పెట్టడంలా! గ్లవ్ తెరువ్!" అని అరుస్తాడు. తప్పు జరిగిన చోటే, అందరి ముందే దిద్దుకోవాలన్నది ఆయన నియమం.

ఆ సోమవారం తొమ్మిదో తరగతి శ్రీరమ్య వరసగా నాలుగు బంతులు వదిలేసింది. జట్టులో అందరికన్నా సూటిగా విసిరేది ఆ అమ్మాయే. గురువారం జిల్లా ఎంపికలు.

"ఏందమ్మా, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు చెయ్యి ముడుచుకుంటున్నావ్? బంతేమన్నా కరుస్తదా?"

అందరూ నవ్వారు. ఐదోదీ జారింది.

"భయపడేవాళ్ళు నా జట్టుకు అక్కర్లా." జేబులోంచి ఎంపికల జాబితా తీసి, ఆమె పేరు మీద అక్కడే గీత గీశాడు.

శ్రీరమ్య గ్లవ్ తీసి ఇచ్చింది. ఆయన తొడుక్కుని పది బంతులు పట్టి చూపించాడు. లోపల చెమటతో తడిగా ఉంది. గ్లవ్ తీసి, కంట్లో పడ్డ దుమ్ము ఆ చేత్తోనే తుడుచుకున్నాడు.

కన్ను భగ్గుమంది. మిరపచేలో పెరిగినవాడికి ఆ మంట ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

"చేతులు చూపించు."

అరచేతులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. వేళ్ళ సందుల్లో తోలు లేచింది.

"నిన్న మిరపకాయలు ఏరడానికి పోయావా? ఎవరి కళ్ళంలో?"

శ్రీరమ్య చేతులు వెనక్కి పెట్టుకుంది. పక్కనున్న కోటేశ్వరి ఆగలేకపోయింది.

"మీ కళ్ళంలోనే సార్. అమ్మగారు కూలికి పిలిస్తే ఇద్దరం వచ్చాం."

"మరి నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే అమ్మగారు మళ్ళీ పిలవరేమోనని సార్" అంది శ్రీరమ్య.

ఆదివారమంతా ఆయన తన ఇంటి వరండాలో కూర్చుని, బంతి పట్టే వీడియోలు చూశాడు. కళ్ళం ఆ ఇంటి వెనకే. ఒక్కసారీ అటు తొంగి చూడలేదు. ఇప్పుడే, ఇక్కడే దిద్దుకోవాలి. కానీ విజిల్ ఊది పిల్లల్ని ఇళ్ళకు పంపేశాడు.

రాత్రి అన్నం వడ్డిస్తూ భార్య గురవమ్మ, "ఆ శ్రీరమ్య చెయ్యి భలే చురుకండీ. ఈ ఆదివారం కూడా రమ్మన్నా" అంది.

"వద్దు. నేను ఏరతా."

"మీరా?" అని ఆమె నవ్వబోయి, ఆయన ముఖం చూసి మజ్జిగ గిన్నె ముందుకు జరిపింది.

మర్నాడు వరసలు కట్టించి, తనే శ్రీరమ్యకు ఎదురుగా నిలబడ్డాడు.

"నిన్న ఈ పిల్ల భయపడుతోందన్నా. భయం కాదు. నా కాయలు ఏరి కాలిన చేతులవి. నేను చూసుకోలా. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆయనకు. జాబితా తీసి, కొట్టేసిన పేరు కింద మళ్ళీ రాశాడు.

"ఇవాళ పట్టొద్దు. విసరగలిగితే విసురు."

ఆమె ఎడమ భుజం తిప్పింది, అడుగు వేసింది, ఆయన వైపే చూస్తూ విసిరింది. బంతి సూటిగా ఛాతీ ముందుకొచ్చి గ్లవ్‌లో పడింది. ఆయన దాన్ని తిరిగి నేల మీద దొర్లించాడు, ఆమె ముఖం వైపు కాక బూట్ల వైపు చూస్తూ.